భరతుడూ జింకపిల్లా: పిల్లల ఆశ్రమానికి సేవకు వెళ్లేముందు చదవాల్సిన కథ

ఈ త్రైమాసికం మన ఆదివారం స్వాధ్యాయంలో భాగవతం పంచమ స్కంధంలోని భరతుడి కథ చదువుతున్నాం. తరగతికి రాలేకపోయినవారి కోసం ఆ పాఠాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఈ కథనే ఎంచుకోవడానికి కారణం ఉంది. హైస్కూల్లో చదువుతున్న మన పిల్లల్ని వచ్చే వేసవిలో రెండు వారాలపాటు విదేశంలోని ఒక అనాథాశ్రమానికి సేవకు పంపాలన్న ప్రతిపాదన యువజన విభాగం ముందుంది. పిల్లలకు ఉత్సాహంగా ఉంది, తల్లిదండ్రులకూ ఇష్టమే. నేను కొన్నేళ్ల కిందట ఉద్యోగాల మధ్య దొరికిన విరామంలో నేపాల్‌లో అలాంటి ఒక ఇంట్లో ఆరు వారాలు పనిచేశాను. అందుకే నా అభిప్రాయం అడిగారు. అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పే బదులు ముందు కథ చదువుదాం అన్నాను.

కథ చాలామందికి తెలిసిందే. ఋషభుడి కొడుకు భరతుడు. మన దేశానికి భారతవర్షమన్న పేరు ఆయన వల్లే వచ్చిందని భాగవతం చెబుతుంది. రాజ్యం కొడుకులకు పంచి ఇచ్చి, గండకీ తీరంలోని పులహాశ్రమానికి వెళ్లి తపస్సు మొదలుపెట్టాడు. గండకి అంటే సాలగ్రామాలు దొరికే నది. ఇవాళ్టి నేపాల్‌లో పుట్టి బీహారుకు దిగి గంగలో కలుస్తుంది. ఒకరోజు ఆయన నది ఒడ్డున జపంలో ఉండగా నిండు చూలాలైన ఒక లేడి నీళ్లు తాగడానికి వచ్చింది. ఎక్కడో సింహం గర్జించింది. లేడి బెదిరి నది మీదుగా దూకింది. ఆ దూకుడులోనే గర్భం జారి పిల్ల నీళ్లలో పడింది, తల్లి కాస్త దూరం పోయి ప్రాణం విడిచింది. భరతుడు ఆ పిల్లను నీళ్లలోంచి తీసి ఆశ్రమానికి తెచ్చుకున్నాడు.

తరువాత జరిగింది మూలంలో చాలా వివరంగా ఉంటుంది. లేతగడ్డి తెచ్చి పెట్టడం, తోడేళ్ల నుంచి కాపాడడం, గోకడం, ముద్దు చేయడం. దర్భల కోసం అడవికి వెళ్తే వెంట తీసుకెళ్లడం, అది అలసిపోతే భుజాన వేసుకోవడం. పూజ మధ్యలో లేచి అది ఎక్కడుందో చూసి రావడం. ఒకనాడు అది కనిపించకపోతే ఆకాశంలో చంద్రుడి మీది మచ్చను చూసి, తల్లిలేని నా జింకపిల్లను ఆయన దగ్గరకు తీశాడేమో అని అనుకుంటాడు! చక్రవర్తిగా రాజ్యాన్నే వదిలేసి వచ్చిన మనిషి ఇలా అయ్యాడు. నియమాలు ఒక్కొక్కటే జారిపోయాయి. చివరి ఘడియలో కూడా మనసు దాని మీదే ఉంది. మరుజన్మలో జింకై పుట్టాడు. (మనం పోతన భాగవతం అని పిలుచుకునే గ్రంథంలో ఈ పంచమ స్కంధాన్ని తెనిగించింది గంగన. పోతన పేరు వెనక గంగన పేరు మరుగున పడిపోవడం నాకెప్పుడూ కాస్త బాధగానే ఉంటుంది.)

మమకారం బంధిస్తుంది కాబట్టి దాన్ని వదులుకోవాలి అన్నది ఈ కథకు మనం చిన్నప్పటి నుంచీ వింటున్న అర్థం. భరతుడి వైపు నుంచి చూస్తే అది సరైనదే. కానీ తరగతిలో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు: "భరతుడు చనిపోయాక ఆ జింకపిల్ల ఏమైంది?"

మూలంలో జవాబు లేదు. ప్రాణం పోయే వేళ ఆ పిల్ల కొడుకులాగా పక్కనే కూర్చుని దుఃఖిస్తోందని మాత్రం ఉంది. ఆ తరువాత కథ భరతుడితో వెళ్లిపోతుంది. జింకపిల్ల అక్కడే ఉండిపోతుంది.

దానికి ముందు ఒకచోట భరతుడు ఏమనుకుంటాడో గమనించండి. ఈ పిల్లకు మందా లేదు, బంధువులూ లేరు, తల్లీ తండ్రీ అన్నా తమ్ముడూ అన్నీ నేనే అనుకుంటోంది, నేను తప్ప దానికి ఎవరూ తెలియదు అని. ఇది ప్రేమతో వచ్చిన మాట, అందులో అబద్ధం లేదు. పిల్లల ఆశ్రమంలో పది రోజులు గడిపిన ఏ వాలంటీరును అడిగినా దాదాపు ఇదే మాట చెబుతారు: "వాడు నన్ను తప్ప ఎవరి దగ్గరికీ వెళ్లడు." కాస్త గర్వంగా కూడా చెబుతారు. స్వాధ్యాయంలో మనం ఆగి ఆలోచించాల్సిన చోటు ఇదేనని నాకనిపిస్తుంది. నీళ్లలోంచి తీయడంలో తప్పు లేదు. తీయకపోతే అది చచ్చిపోయేది. మరి దానికి తను తప్ప ఎవరూ లేని పరిస్థితి ఏర్పడినప్పుడు, రేపు తను లేకపోతే దాని గతేమిటన్న ఆలోచన ఎవరు చేయాలి?

ఇప్పుడు నేపాల్ సంగతి. 1996 నుంచి 2006 దాకా అక్కడ అంతర్యుద్ధం సాగింది. హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాల్లో, రోడ్డు కూడా లేని ఊళ్లలో, దళారులు ఇంటింటికీ తిరిగి మీ పిల్లవాడిని కాఠ్మండూలో మంచి బడిలో చదివిస్తామని చెప్పి తల్లిదండ్రుల దగ్గరే డబ్బు తీసుకుని పిల్లల్ని తీసుకెళ్లారు. తల్లిదండ్రులు చనిపోయినట్టు కాగితాలు పుట్టించి ఆశ్రమాల్లో చేర్చారు. యుద్ధం ఆగింది కానీ ఆ వ్యాపారం ఆగలేదు. 2015 భూకంపం తరువాత యూనిసెఫ్ ఇచ్చిన లెక్క ప్రకారం, భూకంపానికి ముందే నేపాల్ ఆశ్రమాల్లో 15,000 మందికి పైగా పిల్లలున్నారు, వారిలో సుమారు 85 శాతం మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. ఇంకొక విషయం. ఆ ఆశ్రమాల్లో చాలా భాగం పేదరికం ఎక్కువున్న జిల్లాల్లో లేవు. కాఠ్మండూ, లలిత్‌పూర్, భక్తపూర్, పోఖరా ఉన్న కాస్కీ, చిత్వన్ జిల్లాల్లో ఉన్నాయి. అంటే యాత్రికులు తిరిగే చోట. యాత్రికుడు వస్తాడు, పిల్లలు చుట్టూ చేరతారు, మనసు కరుగుతుంది, జేబులో చేయి పడుతుంది. రేపు ఇంకొకరు రావాలంటే పిల్లలు అక్కడే ఉండాలి, కాస్త చిక్కిపోయి ఉంటే ఇంకా మంచిది. 2017లో ఆధునిక బానిసత్వం మీద ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ ఇచ్చిన నివేదికలో దీనికి ఒక అధ్యాయమే ఉంది.

అన్నీ ఇలాంటివేనని నేననడం లేదు. నేను పనిచేసిన ఇల్లు ఇందుకు పూర్తిగా వేరు. అది అలా తెచ్చి చేర్చిన పిల్లల్ని బయటికి తీసి, వాళ్ల కుటుంబాలను వెతికి, తిరిగి చేర్చే చోటు. నన్ను పిల్లలతో ఆడించడానికి రమ్మనలేదు. కాగితాల మీదున్న వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి, వాళ్ల సిబ్బందికి అది నేర్పడానికి రమ్మన్నారు. నా చదువు, ఉద్యోగం, నేర మచ్చ లేదన్న పోలీసు ధ్రువపత్రం, ఇద్దరి సిఫార్సులు అడిగారు. నేపాల్‌లో పర్యాటక వీసా మీద జీతం లేని పని కూడా చేయకూడదు కాబట్టి అనుమతి కాగితాలకే రెండు నెలలు పట్టింది. అప్పుడు విసుగొచ్చింది. ఇప్పుడు, అడగగానే రమ్మనే ఆశ్రమం గురించి వింటే భయమేస్తుంది.

పాత రిజిస్టరులో ఒక గడి ఉండేది: "అనాథ: అవును / కాదు". మనదీ వాళ్లదీ ఒకటే మాట, సంస్కృతం నుంచి వచ్చినదే. అక్కడ పిల్లల బాధ్యత చూసే పెద్దావిడను అందరూ దీదీ అనేవారు. కొత్త పట్టికలో ఆ గడి వద్దంది. దాని బదులు మూడు గడులు పెట్టించింది: తల్లి ఎక్కడ, తండ్రి ఎక్కడ, బిడ్డను చివరిసారి ఎవరు ఎప్పుడు చూశారు. "అవును అని రాస్తే అక్కడితో పని అయిపోతుంది. ఈ మూడూ ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు వెళ్లి వెతకాలి కదా," అంది. పదేళ్లుగా డేటాబేసులు కడుతున్నాను. ఒక గడి పేరు మారిస్తే ఒక మనిషి బతుకు మారుతుందని నాకు చెప్పింది ఆవిడే.

పని చేస్తుంటే ఒక పిల్లాడు వచ్చి పక్కన కూర్చునేవాడు. ఏడేళ్లుంటాయి. వాడి పేరు, ఊరు ఇక్కడ రాయను. అక్కడ చిన్న పిల్లల్ని మనలాగే బాబూ అని పిలుస్తారు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. వాడు నన్ను దాయి అనేవాడు, అంటే అన్నయ్య. మొదటి రోజే నా ఒళ్లో ఎక్కబోయాడు. నాకు ముచ్చటేసింది. దీదీ నవ్వలేదు. "నిన్నటి దాకా నువ్వెవరో తెలియదు. మీ ఇంట్లో పిల్లలు కొత్తవాళ్ల ఒళ్లో ఇలా ఎక్కుతారా?" అని అడిగింది.

ఆ ప్రశ్న వెనక పెద్ద శాస్త్రమే ఉంది. పసిబిడ్డ ఏడుస్తాడు, ఒకరు వచ్చి ఎత్తుకుంటారు. నవ్వుతాడు, ఆ ఒకరే తిరిగి నవ్వుతారు. వేలసార్లు ఇలా జరిగాక లోకంలో నాకొక మనిషి ఉన్నారన్న నమ్మకం బిడ్డలో కుదురుకుంటుంది. బ్రిటన్‌లో జాన్ బౌల్బీ, ఆయనతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ దీన్ని దశాబ్దాలపాటు అధ్యయనం చేశారు. ఆ నమ్మకం ఉన్న బిడ్డ కొత్తవాళ్లను చూసి అమ్మ కొంగు వెనక దాక్కుంటాడు. ఆశ్రమంలో మాత్రం ఉదయం ఒకరు, రాత్రి ఒకరు, వచ్చే నెల ఇంకొకరు. అలాంటి చోట పెరిగిన పిల్లల్లో కొందరు ఎవరు కనబడితే వాళ్ల చేయి పట్టుకుంటారు. చూసేవాళ్లకు అది ప్రేమగా కనిపిస్తుంది. చాలాసార్లు అది ఆకలి.

దీనికి గట్టి ఆధారం రొమేనియా నుంచి వచ్చింది. చౌషెస్కూ 1966లో గర్భస్రావాన్ని నిషేధించాడు. పెంచలేని తల్లిదండ్రులు పిల్లల్ని ప్రభుత్వ ఆశ్రమాల్లో వదిలారు. 1989లో ఆయన పాలన కూలాక ఆ ఆశ్రమాల దృశ్యాలు ప్రపంచం చూసింది. చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు బుకారెస్ట్‌లో రెండున్నరేళ్లు మించని 136 మంది పిల్లలతో అధ్యయనం మొదలుపెట్టారు. సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి, మిగతావారిని మామూలు ఏర్పాటులోనే ఉంచి, ఏళ్ల తరబడి గమనించారు. కుటుంబాల్లోకి వెళ్లినవారి తెలివితేటలూ అనుబంధాలూ మెరుగయ్యాయి. రెండేళ్లు నిండకముందే వెళ్లినవారికి ఆ మేలు ఎక్కువగా కనిపించింది. తిండి, బట్ట, మందు ఉన్నా, నాదన్న ఒక మనిషి లేకపోతే బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుందని అర్థం.

ఇది విని మా తరగతిలో ఒకాయన, "అయితే దగ్గరకు రానివ్వకూడదా? ముఖం తిప్పుకోవాలా?" అని కాస్త కోపంగానే అడిగారు. లేదు. పక్కన కూర్చున్న బిడ్డను తోసేయడం కంటే క్రూరం ఏముంటుంది? దీదీ నాకు చెప్పిన పద్ధతి వేరు. రోజూ ఒకే సమయానికి, నలుగురూ కనిపించే గదిలోనే వాడితో కూర్చోవాలి. పడక గదుల వైపు వెళ్లకూడదు. ఒక్కడికే బహుమతి కొనకూడదు. మళ్లీ వస్తానని మాటవరసకు కూడా అనకూడదు. వాడికి దెబ్బ తగిలినా, ఏడుపొచ్చినా నేను ఓదార్చకుండా వాడి గదిలో ఉండే దీదీ దగ్గరికి చేయి పట్టుకుని తీసుకెళ్లాలి. ఈ చివరిది అన్నిటికన్నా కష్టం. మోకాలు చెక్కుకుపోయిన పిల్లాడు మన వైపు చేతులు చాస్తే, పద దీదీ దగ్గరికి అనడం రాయితో చేసినవాడికి తప్ప ఎవరికీ తేలిక కాదు. కానీ నేను ఆరు వారాల్లో వెళ్లిపోతాను, ఆవిడ ఉంటుంది. ఏడిస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో వాడికి తెలియాలి.

మొదటి వారమే గోడకు ఒక క్యాలెండర్ తగిలించి నేను వెళ్లే తేదీకి ఎర్ర సున్నా చుట్టించింది. రోజూ సాయంత్రం వాడే ఒక గడి కొట్టేసేవాడు. అంకెలు నేర్చుకున్నాడు కూడా. మౌస్ పట్టుకోవడం, తన పేరు దేవనాగరిలో టైపు చేయడం నేర్పాను. వాడు నాకు దాల్ భాత్ చేత్తో కలిపే వాళ్ల తీరు నేర్పబోయి, మేమూ అలాగే తింటామని చూసి ఆశ్చర్యపోయాడు. మాకు అనుబంధం ఏర్పడలేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఏర్పడింది. దానికి ఒక గట్టు కూడా ఉంది.

నాలుగో వారంలో కాబోలు, దశైన్ గురించి మాటలొచ్చాయి. మన దసరాయే. పెద్దవాళ్లు పిల్లల నుదుట పెరుగు, బియ్యం, కుంకుమ కలిపిన టీకా పెట్టి, మొలకెత్తిన యవల జమరా తలలో పెట్టి దీవిస్తారు. నీకు ఎవరు పెట్టేవారని ఎవరో అడిగారు. వాడు తడుముకోకుండా "హజుర్‌ఆమా" అన్నాడు. అంటే నాయనమ్మో అమ్మమ్మో. ఆవిడ ఇంటి ముందు చెట్టు గురించి, మేక గురించి చెప్పాడు. కాగితాల్లో వాడికి ఎవరూ లేరు. దీదీ ఆ మాటలన్నీ చివరిసారి ఎవరు చూశారన్న గడిలో రాయించింది. నేను తిరిగొచ్చిన ఎనిమిది నెలలకు ఆ ఇంటి నుంచి సిబ్బందికి పంపే మామూలు సమాచారంలో ఒక వాక్యం వచ్చింది: ముసలావిడ దొరికింది, పిల్లాడిని ఊరికి చేర్చారు, బడి ఖర్చు అక్కడికే పంపుతున్నారు. వాడికి నేను గుర్తున్నానో లేదో ఎవరినీ అడగలేదు.

మళ్లీ మన పురాణాలకు వస్తే, భరతుడి పక్కన కణ్వమహర్షిని పెట్టి చూడమంటాను. మాలినీ తీరంలో పక్షులు కాచుకున్న పసికందును ఎత్తుకొచ్చి శకుంతల అని పేరుపెట్టి పెంచాడు. జన్మనిచ్చినవాడు, ప్రాణం కాచినవాడు, అన్నం పెట్టినవాడు, ముగ్గురూ తండ్రులేనని మహాభారతంలో ఆయన మాట. ఆయనకూ మమకారం ఉంది, తక్కువేం కాదు. కానీ పెంచినన్నాళ్లూ ఆయన ఉన్నాడు, సమయం వచ్చినప్పుడు ఆమె వెళ్లాల్సిన చోటికి శిష్యులను తోడిచ్చి పంపాడు. యశోద సంగతి చెప్పనే అక్కర్లేదు. మన సంప్రదాయం పెంచిన ప్రేమను ఎన్నడూ తక్కువ చేయలేదు. అయితే వీళ్లెవరూ రెండు వారాల తల్లిదండ్రులు కారు.

ఇక మన ప్రతిపాదన. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: రెండు వారాల యాత్ర వద్దు. మన ఆలయ తరగతుల్లో పాఠం చెప్పేవారికి కూడా నేపథ్య తనిఖీ ఉండాలని పట్టుబట్టింది మనమే. ముక్కూ మొహం తెలియని పదహారేళ్ల విదేశీయులు రెండు వారాలకొక జట్టు చొప్పున వచ్చి మన పిల్లల్ని ఎత్తుకుని, ఫొటోలు తీసుకుని, ఏడిపించి వెళ్తామంటే మనం ఒప్పుకుంటామా? కాలేజీ దరఖాస్తులో సేవా గంటలు రాసుకోవడానికి మన ఊళ్లోనే ఆహార బ్యాంకులున్నాయి, వృద్ధుల ఇళ్లున్నాయి.

పుట్టినరోజులకు ఆంధ్ర, తెలంగాణల్లోని ఆశ్రమాలకు అన్నదానం పంపే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. మానమని చెప్పను. కొన్ని విషయాలు మాత్రం అడిగి తెలుసుకోండి. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం ఆ ఇల్లు నమోదై ఉండాలి. పిల్లలను బాలల సంక్షేమ కమిటీ ద్వారానే చేర్చుకుని ఉండాలి. కిందటి ఏడాది ఎంతమందిని సొంత ఇళ్లకు చేర్చారని అడగండి, జవాబుకు తడబడితే ఆలోచించండి. పిల్లల ముఖాలున్న ఫొటోలు, కేకు కోసే వీడియోలు పంపమనకండి. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపును ప్రచురించడాన్ని అదే చట్టం నిషేధిస్తోంది.

డబ్బు లెక్క కూడా ఒకసారి చూడండి. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం కింద, తండ్రి పోయిన ఇంట్లోనో బంధువుల దగ్గరో ఉండే పేద బిడ్డకు స్పాన్సర్‌షిప్‌గా నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. ఆ మొత్తంతో బిడ్డ ఆశ్రమానికి వెళ్లకుండా ఇంట్లోనే ఉండగలదని ప్రభుత్వ అంచనా. మన పిల్లల్లో ఒక్కరి విమాన టికెట్ 1,500 డాలర్లు అనుకుందాం. డాలరుకు 85 రూపాయలు వేసుకున్నా 1,27,500 అవుతుంది. ఒక బిడ్డను తల్లి దగ్గరే ఉంచడానికి దాదాపు 32 నెలలు సరిపోతుంది. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను కుటుంబం నుంచి వేరుచేయకూడదని 2009లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ ఏడాది సేవానిధిని ఇలా కుటుంబాలతో పనిచేసే సంస్థకు ఇద్దామని నా సూచన. వెళ్లే తీరాలనుకునే పెద్దలు ఎవరైనా ఉంటే, ఖాతాలు రాయడమో, వైద్యమో, సిబ్బందికి శిక్షణో, ఏదో ఒక పనితో వెళ్లండి. పిల్లలతో గడపడం మీ పనిగా పెట్టుకోకండి.

ఇంట్లో పిల్లలతో కూర్చుని మాట్లాడుకోవడానికి రెండు ప్రశ్నలు ఇస్తున్నాను. భరతుడు ఆ జింకపిల్లను కాపాడిన తరువాత, దానికి ఒక మంద దొరికేలా ఏమేం చేసి ఉండవచ్చు? మీరు చిన్నప్పుడు కొత్తవాళ్లను చూసి ఎవరి వెనక దాక్కునేవారు? రెండోదానికి జవాబు తాతయ్యలనూ అమ్మమ్మలనూ అడగండి, వాళ్ల దగ్గర కథలుంటాయి. యువజన విభాగం సమావేశానికి ముందే మీ అభిప్రాయాలు రాసి పంపండి, నాతో ఏకీభవించకపోయినా సరే. వచ్చే సంచికలో జింక జన్మ ముగించుకుని జడభరతుడై పుట్టిన ఆయన, రహూగణుడి పల్లకి మోస్తూ చేసిన సంభాషణ చదువుదాం.